పెంచలమ్మ అరబ్బీ

పెంచలమ్మకు అరబ్బీ వచ్చు. ఆమెకొచ్చిన చిక్కల్లా అదే.

బొత్తిగా రాకపోయుంటే ఏ బాధా లేదు, రాదని ఊరుకునేది. వచ్చు గాబట్టి, వచ్చింది ఏపాటిదో ఆమెకే బాగా తెలుసు. తాల్ అంటే రా. రూ అంటే పో. జీబ్ అంటే తే. గస్సిల్ అంటే కడుగు. సక్కర్ అంటే మూయి. ఖలాస్ అంటే అయిపోయింది. కువైటులో ఒకరింట్లో ఏండ్ల తరబడి పనిచేసి ఆమె తెచ్చుకున్న భాష ఇంతే. అన్నీ పనులే. ‘నువ్వు లేక నాకు దిక్కు తోచలేదు’ అనడానికి అందులో ఒక్క మాట లేదు. పనిమనిషితో ఆ మాట ఎవరంటారు, ఆమె నేర్చుకోవడానికి!

ఇప్పుడు ఆ మాటే కావాల్సొచ్చింది.

ఆ ఇంట్లో రీమ్ అని ఒక పిల్ల. పెంచలమ్మ అక్కడికి పోయిన ఏడే పుట్టింది. తల్లి ఉద్యోగానికి పోయేది. పొత్తిగుడ్డల్లోంచి ఎత్తుకుని సాకింది పెంచలమ్మే. ఆమెకు కడుపు పండలేదు, మొగుడు పోయి అప్పటికే చాన్నాళ్లు. చంకనేసుకున్న ఘడియ నుంచి ఆ పిల్లను ‘పాపా’ అనే పిలిచింది. రీమ్ అన్న పేరు ఆమె నోట్లో ఏనాడూ తిరగలేదు.

అరబ్బీ నాలికకు ‘ప’ పలకదు. పిల్లేమో అది పెంచలమ్మ పేరే అనుకుంది. తిరిగి తనూ అదే పిలిచింది, ‘బాబా’ అని. అక్కడ బాబా అంటే నాయన. పిల్ల వంటింటి గడపలో నిలబడి "బాబా!" అని కేకేస్తే హాల్లో కూర్చున్న అసలు బాబా పలికేవాడు. పిల్ల ఆయన్ను ఒకసారి చూసి, నువ్వు కాదులే అన్నట్టు తలాడించి, వంటింట్లోకి ఒకటే పరుగు. ఇల్లంతా పగలబడి నవ్వేది. నవ్వనిది తల్లొక్కతే.

ఆమెను అనేదానికీ లేదు. కన్నతల్లి కదా. ఒళ్లు కాలిపోయే జ్వరంలో పిల్ల తన చెయ్యి నెట్టేసి పనిమనిషి కోసం ఏడిస్తే ఏ తల్లి ఓర్చుకుంటుంది? ఒకనాడు పిల్ల బడికి పోయిన వేళ చూసి పెంచలమ్మ చేతిలో టికెట్టు పెట్టింది. "రూ" అంది. పెంచలమ్మకు బాగా వచ్చిన మాటే. పిల్ల తిరిగొచ్చేలోపల పెట్టె సర్దుకుని బయల్దేరింది. పోయొస్తానని చెప్పను లేదు, ఒక్క ముద్దు పెట్టను లేదు. పిల్ల అప్పటికి ఒకటో తరగతి. ఇప్పుడు కాలేజీకి పోయే ఈడు.

ఆ ఇంట్లో కారు నడిపే మౌలాలిది పెంచలమ్మ పక్కూరే. రంజాన్ నెలకు ముందు వాడు ఫోన్ చేసినాడు.

"పెంచలక్కా, రీమ్ నిన్ను అడుగుతాంది. పండగ నాడు ఫోన్లో చూస్తాదంట. వాళ్లమ్మే చూడమనింది."

ఫోన్ పెట్టేసినాక పెంచలమ్మకు సంతోషం ఒక నిమిషమే నిలిచింది. తర్వాతంతా భయమే. ఆ పిల్లిప్పుడు పెద్ద బడిలో చదివిన పిల్ల. తను నోరు తెరిస్తే తాల్, రూ, జీబ్. ఇన్నేండ్లు గుండెల్లో పెట్టుకుని మోసిన బిడ్డ తన్నొక పనిమనిషిగా చూసి, ఓహో ఇదా అనుకుని ఫోన్ పెట్టేస్తే ఇంక బతికేదెందుకు అనుకుంది.

అందుకని నెల పొడిచిన మర్నాడే దర్గాకు నడిచింది. రాయచోటి దాటినాక గుట్ట కింద చిన్న దర్గా. అక్కడ హజరత్ ఫకృద్దీన్ షా ఉంటాడు. పండు ముసలాయన. చిన్నప్పుడు తమిళ దేశం పోయి అరబ్బీ చదువుకొచ్చినాడు. కులం మతం లేకుండా చుట్టుపక్కల తల్లులంతా బిడ్డల్నెత్తుకొచ్చి ఆయన చేత ఊదించుకుని, నల్లదారం కట్టించుకుని పోతారు. అందరికీ ఆయన తాతే.

"తాతా, నాకు అరబ్బీ చెప్పండి" అంది పెంచలమ్మ.

"నీకు వచ్చు గదా బేటీ."

"అది ఖద్దామా అరబ్బీ తాతా. నాకు మనుషుల అరబ్బీ కావాల."

ఖద్దామా అంటే అక్కడ పనిమనిషి. హజరత్ ఆమెను కాసేపు తేరిపార చూసినాడు.

"కూర్చో" అన్నాడు.

రోజూ ఒక పూట ఆయన చెప్పేది సరే, మిగతా పొద్దంతా? మౌలాలే సలహా ఇచ్చినాడు, ఫోన్లో అన్నీ ఉంటాయక్కా అని. పెంచలమ్మ యూట్యూబు తెరిచింది. గల్ఫు పోయేవాళ్ల కోసం ఒకాయన తెలుగులోనే చెప్తున్నాడు. అక్కడ యజమానమ్మను మామా అంటారు. ‘మామా, బట్టలు ఉతికేశాను. మామా, ఇంకేం పని ఉంది?’ అంటే ఎట్లనాలో చూపిస్తున్నాడు. ఈ ఏడుపు నాకు వచ్చేడిసింది గదా నాయనా అని మూసేసింది.

తర్వాత ఒక యాప్ దొరికింది. బొమ్మలు చూపించి పలికిస్తుంది. సరిగ్గా పలికితే గంట మోగుతుంది, తప్పితే ఎర్రగా ఉరుముతుంది. మొదటి పాఠంలోనే ‘ఈ ఇల్లు విశాలమైనది’, ‘నా పొరుగువాడు ఉదారుడు’ అని వచ్చాయి. అన్నేండ్లు ఆ దేశంలో ఉండి ఆమె ఒక్క ఉదారుడైన పొరుగువాణ్ణి చూసిన పాపాన పోలేదు. అయినా గంట మోగితే ముచ్చటేసింది.

ఇంక పట్టిందల్లా పట్టుదలే. అది చింతపండు రోజులు. వాకిట్లో కూర్చుని గింజ కొట్టుకుంటూ, గంపకు ఫోన్ ఆనించి అరబ్బీ వార్తలు పెట్టుకునేది. కోటేసుకున్న వార్తలాయన ఏమంటే అది అనేది. సుత్తి దెబ్బకొక మాట. సాయంత్రం సీరియల్లు. అందులో ఏడ్చే ఆడవాళ్లతో కలిసి ఏడ్చేది, ఎందుకేడుస్తున్నారో అర్థం కాకపోయినా. పొద్దున పిల్లల పాటలు. వీధిలో ఆడోళ్లు ముక్కున వేలేసుకున్నారు.

"పెంచలక్క అరబ్బీలో వార్తలు చదువుతాంది సూడండే!"

ఆ మాట చెవినబడ్డ రోజు పెంచలమ్మ నడక మారింది. దర్గాకు పోయి హజరత్‌కే తప్పు పట్టింది.

"తాతా, మీరు పలికేది ఫోన్ ఒప్పుకోవడంలేదు."

"అట్లనా! ఏదీ, ఇట్లా తే" అని ఆయన ఫోన్ దగ్గరికి ఒంగి ఒక మాట పలికినాడు. ఫోన్ ఎర్రగా ఉరిమింది. ముసలాయన కడుపు పట్టుకుని నవ్వినాడు.

"అరె, ఇన్నేండ్లు అల్లా ఎట్ల అర్థం చేసుకున్నాడో పాపం!"

పెంచలమ్మ కూడా నవ్వింది గానీ, లోపల ఫోన్ మాటే నిజమనుకుంది.

నెల సగం దాటినాక ఒక మధ్యాహ్నం, చాప మీద ఫోన్ పెట్టి, మాట రికార్డయ్యేటట్టు నొక్కి, పండగ నాడు చెప్పాల్సిందంతా హజరత్ ముందు ఒప్పజెప్పింది. ముందు సలాం. తర్వాత క్షేమం. తర్వాత చదువు సంగతి. చివర్న అసలు మాట, ఇష్తఖ్తు ఇలైకి. నీ కోసం బెంగపడ్డాను. ఆ మాట దగ్గర గొంతు వణక్కుండా చూసుకుంది. వణికితే అక్షరం చెడుతుంది.

"ఎట్లుంది తాతా?"

"బాగా పలికినావు."

"ఇంకొక్కటే మిగిలింది. నా పాత మాటలుండాయి గదా, ఆ ఖద్దామా మాటలు. అవన్నీ మర్చిపోవాల. ఒక్కటి కూడా నోటెంబడి రాగూడదు. వస్తే పరువు పోతాది. మర్చిపోవడమెట్లా తాతా?"

అప్పుడే గడపలోకి ఒక చిన్నవయసు తల్లి వచ్చింది, చంకలో రెండేండ్ల బిడ్డ, చేతిలో పెరుగన్నం గిన్నె. మనిషి ఏడుపు మొహంతో ఉంది.

"తాతా, ఈ పిల్ల అన్నం ముడితే ఒట్టు. గిన్నె చూస్తే కెవ్వుమంటాది. ఊదండి తాతా, మీకు పుణ్యముంటాది."

హజరత్ నల్లదారం చేతిలోకి తీసుకున్నాడు. ఏమనుకున్నాడో, మళ్లీ పెట్టెలో వేసేసినాడు.

"పెంచలమ్మా, ఆ గిన్నె అందుకో. నువ్వు పెట్టు."

"నేనా? మనం పాఠంలో ఉండాం గదా తాతా."

"పెట్టు."

పెంచలమ్మకు విసుగొచ్చింది. పండగ ముంచుకొస్తోంటే ఈ పనేందని లోపల గొణుక్కుంటూనే బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. బిడ్డ కెవ్వుమని ఏడ్చింది. పెంచలమ్మ ఒక చిన్న ముద్ద చేసింది. చెయ్యి దానంతటదే చేసింది. ముద్దను గాల్లో ఒక చుట్టు తిప్పింది, గోడ మీది కాకికి చూపించింది, కాకిని తిట్టింది, బిడ్డ ముక్కు మీద కొంచెం పెరుగంటించింది. బిడ్డ ఏడుపాపి చూసింది. ఆఁ అంటే ఆఁ అని నోరు తెరిచింది. గిన్నెలో అడుగు కనబడేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తల్లి కండ్లు తుడుచుకుని, ఇద్దరికీ దండం పెట్టి పోయింది.

పెంచలమ్మ చెయ్యి కడుక్కొచ్చి ఫోన్ తీసింది. అదింకా రికార్డవుతానే ఉంది.

"అయ్యో, ఈ గోలంతా ఎక్కింది. తుడిచేస్తా తాతా."

"ఉండు. విను" అన్నాడు హజరత్.

నొక్కింది. మొదట ఆమె ఒప్పజెప్పిన పాఠం వచ్చింది, వార్తలాయన చెప్పినట్టే. తర్వాత బిడ్డ ఏడుపు. ఆ వెనక ఇంకో గొంతు. అది ఎవరిదో పెంచలమ్మకు వెంటనే తెలియలేదు.

‘తాల్ పాపా తాల్... కాకి రూ! కాకికి మాఫీ, మా పాపకే బువ్వ... కులీ, కులీ... సువయ్య సువయ్య... ఆఁ... అబ్బో, ఖలాస్! నా బంగారుతల్లి ఖలాస్ చేసేసింది!’

మాఫీ అంటే లేదు, కులీ అంటే తిను, సువయ్య అంటే కొంచెం. పెంచలమ్మ మొహం ఎర్రబడింది. రాయచోటి బిడ్డకు అన్నం పెడుతూ కువైటు మాటలు మాట్లాడినట్టు ఆమెకు తెలియనే లేదు.

"ఇది ఏ భాష బేటీ?" అన్నాడు హజరత్.

"ఏం భాష తాతా! తెలుగూ గాదు, అరబ్బీ గాదు, కలగాపులగం. వింటే ఎవరైనా నవ్వుతారు."

"ఎవరు నేర్పినారు?"

"ఎవరూ నేర్పలే. ఆ పిల్లతో అట్లా వచ్చేసింది. నేనొక మాటంటే అదొక మాట కలిపేది."

"లోకంలో ఇది ఎంతమందికి వచ్చు?"

పెంచలమ్మ చాప అంచు పట్టుకుని నలుపుతా కూర్చుంది. ఎక్కడెక్కడో వెతికి వచ్చినట్టు అంది.

"ఇద్దరికి తాతా."

"మర్చిపోవడమెట్లా అని అడిగినావు" అన్నాడు హజరత్. అని, తస్బీ తీసుకుని పూసలు తిప్పుకుంటూ కండ్లు మూసుకున్నాడు.

పెంచలమ్మకు కోపం కూడా వచ్చింది. ఆయనకేం, చెప్పేటోళ్లకు వినేటోళ్లు లోకువ. ఆ పిల్ల ముందు కూర్చుని కాకీ బువ్వా అంటే బాగుంటాదా?

"అయితే ఇంక నేర్చుకోవద్దంటారా?"

"నేనెప్పుడన్నాను?" అన్నాడాయన కండ్లు తెరవకుండానే. "రేపు రా. ఆ గొంతులోంచి వచ్చే అక్షరం ఇంకా సరిగ్గా పలకడంలేదు నీకు."

మర్నాడూ పోయింది, ఆ మర్నాడూ పోయింది. ఆ రికార్డు మాత్రం తుడిచెయ్యలేదు. ఎందుకో ఆమెకే తెలియదు.

నెల చివరికొచ్చింది. పండగకని నీలం చీర తీసి పెట్టె మీద పెట్టుకుంది. ఇల్లు అలికింది. ఫోన్ ఆనించడానికి చెంబు తోమి పెట్టింది. అన్నీ చూసుకుంది గానీ ఒక్కటి మతిలో లేకపోయింది. కువైటులో నెలవంక మనకంటే ఒకరోజు ముందే కనబడుతుంది. అన్నేండ్లు అక్కడుండి, ప్రతి పండక్కీ ఇక్కడికి ఫోన్ చేసి, ‘మాకు రేపమ్మా’ అని చెప్పించుకున్న మనిషే! అయినా తన పండగే లోకానికంతా పండగనుకుంది.

అందుకే ఆ ఫోన్ మోగేటప్పటికి పెంచలమ్మ కంచం ముందు కూర్చోనుంది. చీర నిండా చింతపండు మరకలు, జుట్టు ఎట్లబడితే అట్ల ముడేసి, చెయ్యి పప్పన్నంలో ఉంది. మౌలాలే అనుకుని ఎడమచేత్తో నొక్కింది.

తెర మీద ఒకమ్మాయి. కొత్తబట్టలు, చేతులకు గోరింటాకు, పైపళ్లకు సన్నటి తీగ కట్టుంది. కండ్లు మాత్రం అవే.

పెంచలమ్మకు గుండె ఆగినంత పనైంది. అయినా నోరు ఆగలేదు, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు వచ్చింది. సలాం చెప్పింది. "కైఫ హాలుకి యా అజీజతీ?" అంది. నా ప్రియమైనదానా, క్షేమమా అని. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. యాప్ ఉంటే గంట మీద గంట మోగేది.

అమ్మాయి నిటారుగా కూర్చుంది. తల మీది ముసుగు సర్దుకుని, టీచరమ్మకు చెప్పినట్టు మర్యాదగా జవాబు చెప్పింది. క్షేమమండి, మీ దయ అని. అమ్మాయి కండ్లు తెరంతా వెతుకుతున్నాయి. ఎదురుగ్గా ఉన్న మనిషిని చూస్తూనే ఇంకెవరినో వెతుకుతున్నాయి. చివరికి పక్కకు తిరిగి, అక్కడున్న ఎవరినో మెల్లగా అడిగింది.

‘ఈమేనా?’

ఆ మాట పెంచలమ్మకు అర్థమైంది. ఈ నెలంతా కష్టపడి నేర్చుకున్న చదువే దాన్ని అర్థం చేసిపెట్టింది. అర్థం కాకపోయినా బాగుండు. వరసగా పెట్టుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి. బెంగపడ్డానన్న మాట కోసం తడుముకుంటే అదీ దొరకలేదు.

ఇంకేముంది చేతిలో? అన్నముంది. చెయ్యి దానంతటదే ఒక చిన్న ముద్ద చేసింది. గాల్లో ఒక చుట్టు తిప్పింది. తెర దగ్గరికి తెచ్చింది.

"తాల్ పాపా" అంది. గొంతు వణికింది, వణకనిచ్చింది. "తాల్... కాకికి మాఫీ... పాపకే బువ్వ. ఆఁ..."

ఆ పిల్ల నోరు తెరిచింది.

తెరవాలనుకుని తెరవలేదు. తెరుచుకుంది, అంతే. పళ్ల మీది తీగ మెరిసింది. తెరిచిన నోరు మూయకుండా అట్లనే చూస్తా ఉండిపోయింది. తర్వాత ఆ పెదాలు వణికినాయి.

"బాబా" అంది. "బాబా, బువ్వ..."

అటుపక్క ఎక్కడో తల్లి ఏడ్చిన చప్పుడు వినబడింది.

మర్నాడు ఇక్కడ పండగ. పెంచలమ్మ నీలం చీర కట్టుకుని దర్గాకు పోయింది. జనం వచ్చిపోతున్నారు. హజరత్ అందరికీ తన చేత్తోనే సేమ్యా పాయసం గిన్నెల్లో పోసి ఇస్తున్నాడు. ఆమెకూ ఒక గిన్నె ఇచ్చి, ఉబ్బిన కండ్లు చూసినాడు.

"ఫోన్ వచ్చిందా బేటీ?"

"నిన్ననే వచ్చింది తాతా."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏం లేదు తాతా. బువ్వ తిన్నాం."

హజరత్ తలూపినాడు. ఆమె పోలేదు. గిన్నె చేతిలో పట్టుకుని అట్లనే నిలబడింది.

"తాతా, చివర్న పాప ఒక మాట అనింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, నాకు దొరక్కపోయిన మాట తనకు దొరికినట్టు మళ్లీ మళ్లీ అనింది. యాప్‌లో వెతికినా, వార్తల్లో వెతికినా. యాడా లేదు. వలహ్‌త్ అలేచ్ అంటే ఏంది తాతా?"

హజరత్ గరిటె పాయసంలో పెట్టేసినాడు. ఆయనకు తెలుసో తెలియదో ఆ అల్లాకే తెలియాల.

"నేను చదివిన కితాబుల్లో ‘చ’ అనే అక్షరమే లేదు బేటీ. అది వాళ్ల ఇండ్లల్లో మాట. అన్నదాన్నే అడుగు."

"అడిగితే మళ్లీ అంటాది గదా తాతా" అంది పెంచలమ్మ. అంటుండగానే ఆమె కండ్లు నిండినాయి.

"అననీ" అన్నాడు హజరత్.